మెడనొప్పికి డాక్టర్ చీటీ ఉంటే హెల్మెట్ మినహాయింపు దొరుకుతుందా?

గోదారిగట్టు:
నాన్నగారికి సర్వైకల్ స్పాండిలోసిస్ (మెడ ఎముకల అరుగుదల). ఫుల్‌ఫేస్ హెల్మెట్ పెడితే కాసేపటికే మెడ లాగేస్తోందంటున్నారు. "హెల్మెట్ వద్దు" అని డాక్టర్‌తో రాయించుకుని బండిలో పెట్టుకుంటే పోలీసులు ఒప్పుకుంటారా? ఆర్టీవో ఆఫీసులో ఏమైనా పత్రం ఇస్తారా? సిక్కులకు ఉంది కదా, అనారోగ్యానికి ఎందుకు లేదు?

సెక్షన్129:
అలాంటి పత్రం ఆర్టీవో ఇవ్వరండీ, ఆ అధికారమే వాళ్లకు లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలి, వెనక కూర్చున్నవాళ్లు కూడా. అందులో మినహాయింపు ఒక్కటే: తలపాగా కట్టుకున్న సిక్కులు. జబ్బుల ఊసే లేదు. రాష్ట్రాలు తమకు తోచిన మినహాయింపులు ఇచ్చుకోవచ్చని పాత సెక్షన్లో ఉండేది. 2019 సవరణలో సెక్షన్‌ను తిరగరాసినప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. "చీటీ చాలు" అని చెప్పేవాళ్లు ఎక్కువగా పాత సెక్షన్ పట్టుకునే మాట్లాడుతుంటారు.

కానిస్టేబుల్ జాలిపడి వదిలేసినా కెమెరా వదలదు. దానికి కనపడేది బోడి తల, బండి నంబరు. అదే చట్టం 194డి సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై అనర్హత.

ఇక సిక్కుల మినహాయింపు అమలు కూడా అంత తేలికేం కాదు. తలపాగా లేని సిక్కుకు అది వర్తించదు, తలపాగా చుట్టుకున్న మన రైతుకూ వర్తించదు. ఢిల్లీలో బండి వెనక కూర్చున్న మహిళ సిక్కో కాదో పోలీసు ఎలా తేల్చాలన్న చిక్కు ఉండేది. చివరికి మహిళలందరికీ హెల్మెట్ ఐచ్ఛికం చేసి, 2014లో దాన్ని సిక్కు మహిళలకు మాత్రమే పరిమితం చేశారు. తేల్చుకోవడం మాత్రం మళ్లీ పోలీసు మీదే పడింది. అనారోగ్యాన్నీ చేరిస్తే రోడ్డు మీద ప్రతి చీటీ అసలుదో నకిలీదో చూడాల్సి వస్తుంది.

హెల్మెట్‌కొట్టు:
మెడ నొప్పికి బరువొక్కటే కారణం కాదు. వదులు హెల్మెట్ గాలికి పైకి లేచి, మెడను వెనక్కి లాగుతుంది. కనుబొమ్మలకు అంగుళం పైన, తల వెనక ఉబ్బు మీదుగా టేపు చుట్టి కొలవండి. లోపలి స్టిక్కర్ మీద మిల్లీమీటర్లలో ఉన్న సైజు చూసి కొనండి. ఎం, ఎల్ అక్షరాలు కంపెనీకోలా ఉంటాయి. పట్టీ బిగించి తల అటూఇటూ తిప్పితే చెంపల చర్మం కూడా కదలాలి, హెల్మెట్ మాత్రమే తిరిగితే అది వదులు.

కొట్లో తూకం వేయించండి. ఫుల్‌ఫేస్‌లు కొన్ని కిలోన్నర దాకా తూగుతాయి, ఓపెన్‌ఫేస్ కిలో అటూఇటుగా దొరుకుతుంది. ఓపెన్‌ఫేస్‌లో గడ్డానికి రక్షణ పోతుంది, అది తెలిసే తీసుకోండి. బండి హెల్మెట్ల ప్రమాణమైన ఐఎస్ 4151 నంబరుతో ఐఎస్ఐ ముద్ర ఉండాలి. సైకిల్ హెల్మెట్, కట్టడాల సైట్ మీద పెట్టుకునే టోపీ చెల్లవు. నుదురు నొక్కుతోందని లోపలి థర్మాకోల్ చెక్కించొద్దు. దెబ్బ తగిలినప్పుడు నలిగి ఆ తాకిడిని తీసుకునేది అదే. మార్చదగ్గది గుడ్డ ప్యాడింగ్ మాత్రమే.

బండి కూడా చూడండి. ముందుకు వంగి నడిపే బైక్ మీద తల ఎప్పుడూ పైకెత్తే ఉంచాలి. నిటారుగా కూర్చునే స్కూటర్ అయితే ఆ బాధ తగ్గుతుంది.

గోదారిగట్టు:
థాంక్స్ అండీ. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుంటే హెల్మెట్ అక్కర్లేదంటున్నారు, నిజమా?

సెక్షన్129:
మోటారు 0.25 కిలోవాట్ లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే నిబంధనల్లో దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. కాబట్టి 129 వర్తించదు. కానీ కంట్రోలర్‌లో స్పీడ్ లాక్ తీయించిన బండి ఆ కోవలోంచి బయటికొచ్చేస్తుంది. అప్పుడు రిజిస్ట్రేషన్, లైసెన్స్, బీమా లేని కేసులు హెల్మెట్ కేసుకు తోడవుతాయి. కొనేటప్పుడు వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థ ఇచ్చిన పరీక్ష సర్టిఫికెట్ కాపీ అడిగి తీసుకోండి.

ఇంకోటి, డాక్టర్ని అడగాల్సింది "హెల్మెట్ వద్దని రాస్తారా" అని కాదు, "ఈ మెడతో బండి నడపొచ్చా" అని. కిలో బరువు మోయలేని మెడ, మలుపు దగ్గర తిరిగి వెనక్కి చూడగలదో లేదో ఆయన పరీక్షించి చెప్పాలి.