ఫ్రెండ్‌తో రోడ్ ట్రిప్, రెండు రోజులకే మాటల్లేవు, పైగా కారు వేడెక్కుతోంది. ముందుకెళ్లాలా, వెనక్కి రావాలా?

ఉక్కపోత_హైదరాబాద్:
నేనూ మావాడూ ఇంటర్ నుంచీ ఫ్రెండ్స్. వారం రోజులు సెలవు పెట్టి శనివారం కారులో బయల్దేరాం. రాజమండ్రి, మారేడుమిల్లి, అరకు, వైజాగ్ చూసుకుని ఇంటికి, ఇదీ ప్లాను. ప్రస్తుతం రాజమండ్రి లాడ్జిలో ఉన్నాం. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, నేను ఇది టైప్ చేస్తున్నా.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలనుకున్నాం. వాడు లేచి, బ్యాగు సర్ది, వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా మర్చిపోయి మళ్లీ ఇంటికెళ్లి వచ్చేసరికి, ఎల్బీనగర్ దాటింది తొమ్మిదిన్నరకి. సూర్యాపేటలో టిఫిన్ అనుకున్నది భోజనమైపోయింది. విజయవాడ 275 కిలోమీటర్లు, మొత్తం మండే ఎండలోనే నడిపాం. దారంతా ఏసీ గొడవే. సిగ్నల్ దగ్గర చాలట్లేదని వాడు నాలుగు మీద పెడతాడు, హైవే ఎక్కగానే నాకు ముక్కు కారుతుంది, నేను తగ్గిస్తాను, మళ్లీ మొదలు. విజయవాడలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. హైవే మీదికి వస్తే మామూలే.

అసలు గొడవ ఇవాళ జరిగింది. హనుమాన్ జంక్షన్ దగ్గర, నాతో ఒక్క మాటైనా అనకుండా బండి నూజివీడు వైపు తిప్పాడు, రసాలు కొనాలట. ఒక బుట్ట కొని వెనక సీట్లో పెట్టి, ఒకటి జుర్రుకుంటూనే స్టీరింగ్ పట్టుకున్నాడు. తర్వాత నేను కూర్చుంటే స్టీరింగ్ జిగురు, గేర్ రాడ్ జిగురు, ఆఖరికి సీట్ బెల్టుకి కూడా పీచు. "చేతులు కడుక్కుని పట్టుకోరా" అన్నా. అంతే. ఏలూరు నుంచి రాజమండ్రి దాకా మ్యాప్స్‌లో ఆవిడ ఒక్కతే మాట్లాడింది.

ఈ కారుతో ఘాట్ ఎక్కొచ్చా? ఎక్కినా, ఇంకో అయిదు రోజులు వీడితో ఎలా?

గ్రీజు_చేతులు:
బ్రదర్, ఆగినప్పుడు వేడెక్కి పరుగులో తగ్గుతోందంటే నా అనుమానం రేడియేటర్ ఫ్యాను మీదే. హైవే మీద గాలి దానంతటదే రేడియేటర్‌కి తగులుతుంది కాబట్టి ఫ్యాను లేకపోయినా తెలియదు. బండి ఆగితే ఆ పని ఫ్యానే చెయ్యాలి. చాలా కార్లలో ఏసీ కండెన్సర్‌కి (ఏసీ వేడిని బయటికి వదిలే భాగం) కూడా అదే ఫ్యాను గాలి కొడుతుంది, అది తిరగకపోతే సిగ్నల్ దగ్గర ఏసీ చల్లదనం పడిపోతుంది, కదిలితే మళ్లీ వస్తుంది. మీ ఇద్దరి ఏసీ గొడవ సగం దీనివల్లేనేమో చూసుకోండి.

పొద్దున్నే ఇంజన్ ఆన్ చేసి ఏసీ వెయ్యండి, బానెట్ ఎత్తి ఫ్యాను తిరుగుతోందా చూడండి, చెయ్యి మాత్రం పెట్టొద్దు. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యానుకి కరెంటు వదిలే స్విచ్చు లాంటిది), ఆ తర్వాతే మోటారు. ఫ్యూజో రిలేనో అయితే గంట పని, పెద్ద ఖర్చూ కాదు. అది తేలకుండా మాత్రం ఘాట్ ఎక్కొద్దు. కూలెంట్ లెవెల్ చల్లటి ఇంజన్ మీదే చూడాలి, వేడి మీద మూత తిప్పారో మొహం కాలుతుంది. దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, నీడ చూసుకుని ఆపండి. మే నెలలో హీటరేంటని నవ్వొద్దు, ఇంజన్ వేడిని అది కొంత లాగేస్తుంది.

గోదారి_గట్టు:
మా ఊరొచ్చి మాటల్లేకుండా పడుకోవడమేంటండీ! పొద్దున్నే ఇద్దరూ పుష్కర ఘాట్‌కెళ్లి మునగండి, మెకానిక్ షాపులు తెరిచేలోపు అదొక పనైపోద్ది. వచ్చేటప్పుడు రోజ్ మిల్క్ తాగండి. ఎండెక్కాక మాత్రం రూమ్‌లోనే ఉండండి.

బండి బాగైతే ఎల్లుండి అయిదింటికల్లా బయల్దేరండి. గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాదాపు 85 కిలోమీటర్లు, ఎండ ముదరకముందే చేరతారు. జలపాతాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, ఈ నెలలో అమృతధార, జలతరంగిణి సన్నగా పారతాయి. బొంగులో చికెన్ తినండి, కానీ మీ కళ్లముందే నిప్పుల మీద పెట్టిందే అడగండి, ముందే చేసి ఉంచింది వేడి చేసి ఇస్తే ఆ రుచి రాదు. అక్కణ్ణుంచి అరకుకి చింతపల్లి, పాడేరు మీదుగా వెళ్లొచ్చు. బాగుంటుంది గానీ మలుపులు ఎక్కువ, ట్యాంకు ఇక్కడే నింపుకోండి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలొద్దు, ఎక్కిన గేర్‌లోనే దిగండి, లేదంటే బ్రేకులు వేడెక్కిపోతాయి. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు కదా, సాయంత్రానికి కాస్త ఊపిరాడుతుంది.

సైడ్‌సీటు_మహారాణి:
కారు సంగతి నాకు తెలీదు, ఫ్రెండ్ సంగతి చెప్తా. నేనూ నా రూమ్మేటూ పోయిన మేలో బెంగళూరు నుంచి తిరిగినప్పుడు రెండో రోజే ఏడుపులు. మేం పెట్టుకున్న రూల్సు ఇవి: నడిపేవాళ్లదే ఏసీ, పక్కనున్నవాళ్లదే పాట, రెండు గంటలకోసారి సీట్లు మారాలి. డబ్బు ఇద్దరం సమానంగా తీసి ఒక పర్సులో వేశాం, అన్నీ దాన్లోంచే. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఏ నిర్ణయమూ తీసుకోకూడదని కూడా అనుకున్నాం, ఆ టైమ్‌లో ఎవరి బుర్రా పనిచెయ్యదు. ఇంకోటి, మామిడిపళ్ల గురించి సారీ మీరే చెప్పండి. నూజివీడు దాకా వచ్చి రసాలు కొనకపోవడం కూడా తప్పే.

ఉక్కపోత_హైదరాబాద్:
అప్‌డేట్: ఫ్యాను రిలే పోయిందట. మార్చారు, మెకానిక్ ముందే అరగంట ఏసీ వేసి నిలబెడితే ముల్లు కదల్లేదు, ఏసీ కూడా రెండు మీద పెడితే ఇద్దరికీ సరిపోతోంది. వాడు ఈ పోస్టంతా చదివేశాడు, సైడ్‌సీటు గారి రూల్సు తనకి నచ్చాయట, పాటలు మాత్రం రెండు సీట్లలోనూ తనవేనట. మెకానిక్‌కి నాలుగు రసాలు ఇచ్చాడు. తాళాలు తీసుకునే ముందు రెండు చేతులూ నా ముక్కు దగ్గర పెట్టి "సబ్బుతో కడిగా, చూస్కో" అన్నాడు.