డెంగీ తగ్గింది, కానీ బిడ్డ బరువు తక్కువంటున్నారు. మాయ (ప్లాసెంటా) దెబ్బతిన్నట్టేనా?

దేవరకొండ పిల్లగాడు:
మా ఆవిడకు ఏడో నెల. పత్తి ఏరే రోజుల్లో జ్వరమొచ్చింది, టెస్ట్ చేస్తే డెంగీ, ప్లేట్‌లెట్లు పడిపోయి మళ్లీ లేచాయి, ఇంటికి పంపించేశారు. మొన్న స్కాన్‌లో బిడ్డ నెలలకు తగ్గ బరువు లేదు, మాయకు రక్తం ఎట్లా అందుతోందో చూడాలి, రెండు వారాలాగి డాప్లర్ (రక్తం పారే తీరు చూపే స్కాన్) చేద్దాం అన్నారు. మా అమ్మేమో బొప్పాయి తిన్నందుకే అంటోంది. వైరస్ బిడ్డదాకా పోయిందంటారా?

పాలమూరు సిస్టర్:
తమ్ముడూ, బొప్పాయి సంగతి పక్కన పెట్టు. తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మాయలో బిడ్డవైపు సన్నని కొమ్మలు తల్లి రక్తంలో మునిగి ఉంటాయి, వాటి మీది పొరలో కణాల మధ్య సందులే ఉండవు, అందుకే చాలా వైరస్‌లు అక్కడే ఆగిపోతాయి. రుబెల్లా, జికా, సైటోమెగలో లాంటివి దాటిపోతాయి. డెంగీ బిడ్డకు అంటుకునే భయం ఎక్కువగా కాన్పు దగ్గర పడ్డప్పుడు జ్వరముంటేనే.

అయితే వైరస్ దాటకపోయినా బిడ్డ ఎదుగుదల తగ్గొచ్చు, చాలామందికి తెలియనిది ఇదే. మాయలో వాపు వచ్చి, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పీచు ఆ కొమ్మల చుట్టూ పేరుకుంటే ఆక్సిజన్, పోషకాలు సరిగ్గా అందవు. 2021లో డెల్టా కొవిడ్ అప్పుడు కొందరి మాయ ఇట్లాగే ఎంత పాడైందంటే, బిడ్డకు వైరస్ సోకకుండానే కడుపులో ప్రాణం పోయింది. డెంగీలోనైతే తల్లికి రక్తనాళాల్లోంచి నీరు కారి బీపీ పడిపోతే మాయకు రక్తం తగ్గుతుంది. మీ ఆవిడకు అంతదాకా వెళ్లిందా? డిశ్చార్జ్ కాగితంలో చూడు.

మిర్యాలగూడ అక్క:
ముందు నెలల లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌ను బట్టే లెక్కేయాలి, చివరి నెలసరి తేదీ పొరపాటుగా చెబితే మంచిగున్న బిడ్డ కూడా చిన్నగా కనబడుతుంది. రక్తం తక్కువున్నా, బీపీ ఉన్నా బరువు తగ్గుతుంది, అన్నీ డెంగీ నెత్తిన వేయలేం. ఇంకోటి, జ్వరమప్పుడు ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించారా? డైక్లోఫెనాక్ లాంటివి డెంగీలో రక్తస్రావం పెంచుతాయి, ఐదో నెల దాటాక ఉమ్మనీరు కూడా తగ్గించవచ్చు. వేయించి ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, జ్వరానికి పారాసిటమాల్ చాలు.

దేవరకొండ పిల్లగాడు:
సూది వేశారు అక్కా, ఏ మందో మాకు తెలియదు. మూడో నెల స్కాన్ ఉంది, లెక్క అదే. బీపీ పడిపోలేదని రాశారు. మాయ బాగుపడడానికి మందేమన్నా ఉందా?

పాలమూరు సిస్టర్:
మాయను బాగుచేసే మందంటూ లేదు, టానిక్‌లమ్మేవాళ్లు చెప్పింది నమ్మకు. ఒక్క స్కాన్‌తో తేలదు, రెండోసారి ఎంత పెరిగిందన్నదే అసలు మాట. తల కొలత మామూలుగా ఉండి పొట్ట కొలత వెనకబడితే మాయ మీద అనుమానం ఎక్కువవుతుంది. డాప్లర్‌లో బిడ్డ గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ కొట్టుకునే మధ్యలో కూడా బొడ్డుతాడులో రక్తం ముందుకే పోతుంటే కొంత ఊరట, ఆగినా వెనక్కి మళ్లినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపిస్తారు. ఈలోపు బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా తారీఖు కోసం ఆగకుండా ఆ రాత్రికే బయలుదేరండి, ఆ సూది మాట కూడా అక్కడ చెప్పండి.