ఉప్పు తగ్గించి దొండకాయ వేపుడు కారంగా చేయడం ఎలా?

ప్రశ్న: రక్తపోటు వల్ల మా నాన్నగారిని ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఆయనకు ఇష్టమైన దొండకాయ వేపుడు చప్పబడకుండా చేసే పద్ధతి దయచేసి తెలుపగలరు.

జవాబు 1: పావుకిలో దొండకాయలను సన్నని చక్రాలుగా తరిగి, రెండు చెంచాల నూనెలో మూత పెట్టకుండా అంచులు ఎర్రబడేవరకు వేయించి, ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి కలిపి దంచిన కారాన్ని దించేముందు చల్లండి. ఉప్పు మొదట్లో వేయకుండా చివర చిటికెడు పైన చల్లితే నాలుకకు వెంటనే తగులుతుంది.

జవాబు 2: పొయ్యి కట్టేశాక నిమ్మరసం పిండితే, ఆ పులుపుతో ఉప్పు లోటు అంతగా తెలియదండి. కొనే వేపుడు కారాల్లో ఉప్పు ముందే కలిపి ఉంటుంది కాబట్టి ఇంట్లో దంచుకున్నదే వాడండి.

జవాబు 3: సోడియం తక్కువని అమ్మే ఉప్పులో సాధారణంగా పొటాషియం ఉంటుంది, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దాన్ని వాడకూడదు.