కులం పేరుతో తిడితే సిరొంచలో కేసు నిలుస్తుందా?

గోదారిగట్టు:
మహారాష్ట్రలోని సిరొంచ, రైస్ మిల్లు. కాటా దగ్గర హమాలీలందరూ వింటుండగా సూపర్‌వైజర్ ఒకతన్ని కులం పేరు పెట్టి తిట్టాడు. పైగా "వాళ్లలో వాళ్లు అలాగే పిలుచుకుంటారుగా, నేనంటే తప్పా?" అంటున్నాడు. తిట్లు తిన్నతని ఎస్సీ సర్టిఫికెట్ గోదావరి అవతలి ఒడ్డుది, తెలంగాణలో కాళేశ్వరం వైపు. ఇక్కడ చెల్లుతుందా?

ప్రాణహిత:
ఆ వాదన నిలవదండీ. కులం పేరుతో తిట్టడం మీద ఉన్న 1989 అట్రాసిటీ చట్టం 3(1)(ఎస్) కింద కేసు పడేది ఎస్సీ, ఎస్టీ కానివాళ్ల మీదే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. కాకపోతే తిట్టు నలుగురి ఎదుట పడాలి. బయటివాళ్లెవరూ లేని గదిలో అంటే 2020 నాటి సుప్రీంకోర్టు హితేశ్ వర్మ తీర్పు అడ్డొస్తుంది, చాలా కేసులు పోయేది అక్కడే. కాటా దగ్గరన్నాడు కాబట్టి ఇది గట్టిదే. ఫిర్యాదులో "అసభ్యంగా దూషించాడు" అని రాస్తే చాలదు. అన్న మాట అన్నట్టే, విన్నవాళ్ల పేర్లు, చోటు, టైముతో సహా రాయించండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి.

సర్టిఫికెట్ గురించి బెంగ వద్దు. రిజర్వేషన్‌కి రాష్ట్రం హద్దుంది గానీ ఈ చట్టం రక్షణకి లేదని 2023లో బొంబాయి హైకోర్టు తేల్చింది.

కాటాచిట్టీ:
మిల్లు యజమాని కేసు తేలేదాకా చేతులు కట్టుకోనక్కర్లేదు. సూపర్‌వైజర్‌కి మిల్లు తరఫున ఛార్జిషీటు, అతని రాతపూర్వక సంజాయిషీ, సాక్షుల విచారణ, ఆ తర్వాతే శిక్ష. ఇవేమీ లేకుండా పీకేస్తే అతనే కోర్టుకెక్కుతాడు. ఇంకోటి, సాటి కులంవాడే ఆ మాట అంటే అట్రాసిటీ రాదు, మిల్లు క్రమశిక్షణ నియమాలు మాత్రం అతనికీ వర్తిస్తాయి.