సంక్రాంతి ముందు కుక్కపిల్లల వరద: షెల్టర్ గేటు తెరిచే ఉంచాలా, కొన్నిటికి మూయాలా?

షెల్టర్ వాలంటీరు, విజయనగరం:

అందరికీ నమస్కారం. మా కమిటీలో తెగని మాట ఒకటి మీ ముందు పెడుతున్నాను.

ఊరి శివార్లలో మేం నడిపే షెల్టర్ చిన్నది. బళ్ల కింద పడి దెబ్బతిన్న వీధికుక్కల కోసం పెట్టాం. మిగతా ఏడాదంతా ఎలాగో నెట్టుకొస్తాం కానీ, డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా ఊపిరాడదు. కుక్కలు ఎదకొచ్చే చిత్తకార్తె అక్టోబరులో వస్తుంది, కుక్క చూలు సుమారు 63 రోజులు. పండక్కి ఇళ్లకు సున్నాలు వేసే వేళకి ఏ సందులో చూసినా ఒక తల్లి ఈని ఉంటుంది. పెరట్లో కట్టెల మోపు వెనకో, సగం కట్టిన ఇంటి మెట్ల కిందో. ఊడ్చి కడిగేటప్పుడు అవి కంటపడతాయి. తల్లి తిండికి వెళ్లిన సమయం చూసి పిల్లల్ని మాత్రం ఎత్తుకొచ్చి మా గేటు దగ్గర పెట్టి వెళ్లిపోతారు.

మొన్న వచ్చింది నూనె ప్యాకెట్ల అట్టపెట్టె. అడుగున వేసిన పేపరు తడిసి ముద్దయిపోయింది. కళ్లు సగం విడిన పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా ఉన్నాయి. కింద ఉన్నవి వెచ్చగానే ఉన్నాయి. పైనున్న దాని చెవులు, పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. దానికి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

తల్లి బతికి ఉండి, పిల్లలు ఆరోగ్యంగా ఉంటే ఈ మూడు నెలలూ షెల్టర్‌లో చేర్చుకోకూడదన్నది నా వాదన. కమిటీలో సగం మంది ఒప్పుకోవడం లేదు. ఊళ్లోవాళ్లు ఏమంటారో వినాలని ఉంది.

—

దాసన్నపేట గృహిణి:

ఏటండీ ఇది? షెల్టర్ పెట్టిందే దిక్కులేని వాటి కోసం కదా. మీరు గేటు మూసేస్తే ఆ పెట్టె తెచ్చినవాళ్లు మళ్లీ ఇంటికి పట్టుకెళ్లి పెంచుతారనుకుంటున్నారా? గోనెసంచిలో వేసి ఏ చెరువు గట్టునో వదిలేస్తారు. మా వీధిలో నేనే చూశాను. మీ దగ్గరికి తెచ్చేవాళ్లు కాస్త జాలి ఉన్నవాళ్లు. వాళ్లనే వెనక్కి పంపేస్తామంటే ఎలగండీ?

ఇంకొకటి. ఈనిన తల్లి దగ్గరికి ఎవర్నీ రానివ్వదు. మా వీధి గుంటలు ఆడుకుంటూ కుక్కపిల్లల్ని ఎత్తబోతారు, అది మీద పడుతుంది. పోయిన చలికాలంలో మా పక్కింటి బాబుకి పిక్క మీద కరిచింది. సూదుల కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగింది వాళ్లమ్మ. వీధిలోనే ఉంచండి అని మీరు చెప్పడం తేలికే, ఆ వీధిలో ఉండేది మేము.

—

గరివిడి విద్యార్థి:

నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. అమ్మా, మీ భయం నిజమే, దాని సంగతి చివర చెబుతాను. ముందు షెల్టర్ లోపల ఏం జరుగుతుందో చెప్పనివ్వండి. బయటివాళ్లకు కనిపించనిది అదే.

పిల్లలకు పుట్టిన మొదటి రోజుల పాలలో తల్లి నుంచి రక్షణ వస్తుంది. అది వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది. పూర్తిగా తగ్గకముందు టీకా వేస్తే సరిగా పట్టదు. తగ్గిపోయాక రోగం తగిలితే ఆపేది ఉండదు. అందుకే పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణం తీసే వైరస్ రోగాలకు టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారో వారం దాటేదాకా వేస్తారు. అంటే షెల్టర్‌కు వచ్చే పిల్లల్లో చాలావాటికి ఇంకా టీకా కాపు లేదు. అలాంటివాటిని పది వీధుల నుంచి తెచ్చి ఒక గదిలో పెడితే ఏమవుతుంది? ఒక్క పెట్టెలో పార్వో ఉంటే చాలు. రోగం సోకిన పిల్ల వాంతులు మొదలవకముందే మలంలో వైరస్ వదులుతుంది. లక్షణాలు బయటపడటానికి వారం పైన కూడా పట్టవచ్చు. ఈలోపు గిన్నెలు, చీపురు, వాలంటీర్ల చెప్పులు, అన్నిటికీ అంటుకుంటుంది. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోలేం. ముందు మలినం కడిగేసి, తర్వాత ఒక వంతు బ్లీచ్ ద్రావణం, ముప్పై వంతుల నీళ్లు కలిపి నేల మీద పది నిమిషాలు తడిగా ఉంచాలి. సిమెంటు నేలకైతే అలా చేయగలం. మట్టి నేలకు చేయలేం, అందులో అది నెలల తరబడి బతుకుతుంది.

వీధిలో ఒక తల్లి, దాని పిల్లలు వేరుగా ఉంటాయి కాబట్టి రోగం వచ్చినా అక్కడితో ఆగడానికి అవకాశం ఉంది. షెల్టర్‌లో ఆ అవకాశాన్ని మనమే తీసేస్తున్నాం. పైగా తల్లి ఒంటి వెచ్చదనానికి సాటి ఇంకేదీ లేదు. మొదటి వారాల్లో పిల్లలు తమ ఒంటి వేడి తాము నిలుపుకోలేవు. ఆవుపాలు సీసాతో పడితే విరేచనాలు పట్టుకుంటాయి. కాబట్టి వాలంటీరు గారి మాటే నా మాట.

ఇక కాటు సంగతి. ఈనిన తల్లి మూడు నాలుగు వారాలు కాపలా కాస్తుంది, ఆ తర్వాత మెత్తబడుతుంది. అన్నాళ్లూ ఆ మూల చుట్టూ నాలుగు ఇటుకలు, ఒక పాత రేకు అడ్డం పెట్టి, ఆడుకునే పిల్లలు వెళ్లకుండా చూడటం వీధివాళ్లు చేయగలిగిందే. కరిచినా, గీరినా, ఆఖరికి కుక్కపిల్ల పన్ను గాటు పడినా, సబ్బుతో ధారకింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. పిల్లది కదా అని వదిలేయొద్దు, దాని వల్ల కూడా రేబిస్ వస్తుంది.

—

కంటోన్మెంటు వాసి:

జనవరి ఒక్కటేనా? ఏప్రిల్, మే నెలల్లో బదిలీలప్పుడు కూడా చూడండి. కొత్త ఊళ్లో ఇంటి ఓనరు ఒప్పుకోడని లాబ్రడార్లను, పామరేనియన్లను రింగ్ రోడ్డులో దింపి వెళ్లిపోయేవాళ్లున్నారు. వీధికుక్కకైతే తిండి వెతుక్కోవడం తెలుసు. ఇంట్లో పెరిగినదానికి రోడ్డు దాటడం కూడా రాదు. కుక్కపిల్లలకు గేటు మూసినా మూయకపోయినా, వీటికి మాత్రం మూయొద్దు.

—

బడిపంతులు, నెల్లిమర్ల:

మా బడి వరండా చివర ఒక కుక్క ఈనింది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలోంచి వీధికుక్కల్ని తీసేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేసి షెల్టర్‌లో ఉంచాలని, తిరిగి అక్కడే వదలకూడదని ఆదేశం ఇచ్చింది. సంక్రాంతి సెలవుల్లో బడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు తల్లినీ పిల్లల్నీ మీ షెల్టర్‌కు తేవచ్చా? మీ పద్ధతిలోనైతే మావి వెనక్కి పంపేస్తారేమో అని అడుగుతున్నాను.

—

షెల్టర్ వాలంటీరు, విజయనగరం:

మాస్టారూ, మంచి ప్రశ్న అడిగారు. ఆ ఆదేశంలో కుక్కల్ని తీసుకెళ్లాల్సిన బాధ్యత మున్సిపాలిటీ, పంచాయతీలాంటి స్థానిక సంస్థలది. బడికి ప్రహరీ, గేటు ఉండేలా చూడాలని, బాగోగులు చూసే అధికారి ఒకరు ఉండాలని కూడా అందులోనే ఉంది. మీరు బడి తరఫున నగర పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. మీ తల్లీ పిల్లల్ని మేం తీసుకుంటాం, ఎందుకంటే అక్కడే ఉంచమని మీకు చెప్పే వీలు లేదు. కానీ విడదీయకుండా, కలిపి తీసుకురండి.

వీధుల సంగతి వేరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. ఒక వీధిలోంచి కుక్కల్ని ఎత్తేస్తే అక్కడి చికెన్ కొట్టు వ్యర్థాల కోసం పక్క వీధివి వచ్చి చేరతాయి. అవి మీ పిల్లల్ని ఎరగవు, మీ పిల్లలు వాటిని ఎరగరు. దాసన్నపేట అమ్మగారు చెప్పిన కాట్లు అప్పుడు ఇంకా పెరుగుతాయి.

అమ్మా, మీరన్న చెరువు గట్టు మాట నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. అలా జరుగుతుందని నాకూ తెలుసు. కానీ గేటు దగ్గర పెట్టె తీసుకున్నంత మాత్రాన పిల్లలు బతికాయని అనుకోవడం పొరపాటు. పోయిన జనవరిలో లోపల పార్వో పడ్డప్పుడు, రక్తపు విరేచనాల వాసనతో ఆ గదిలో నిలబడలేకపోయాం. అన్నిటికీ సెలైన్ ఎక్కించడానికి చేతులు చాలలేదు. కాలు విరిగి కోలుకుంటున్న ఒక ఏడు నెలల కుక్క, తెల్లారితే దత్తత వెళ్లాల్సినది, దానికి కూడా అంటుకొని పోయింది. దాన్ని తీసుకెళ్తామన్న కుటుంబం కొత్త బెల్టు పట్టుకొని వచ్చారు. వాళ్లకు గేటు దగ్గరే చెప్పాల్సి వచ్చింది.

అందుకే నేను అడుగుతున్నది గేటు మూసి తాళం వేయడం గురించి కాదు. పెట్టె తెచ్చినవారిని కూర్చోబెట్టి మాట్లాడదాం. ఎక్కడ దొరికాయి, తల్లి ఉందా అని అడుగుదాం. తల్లి ఉంటే పిల్లల్ని ఆ మూలకే తిరిగి చేరుద్దాం, వాళ్లతో పాటు మనలో ఒకరు వెళ్దాం. ఒక గోనెపట్టా, ఒక రేకు మనమే ఇద్దాం. వయసు రాగానే టీకా ఆ వీధిలోనే వేద్దాం. తల్లి చనిపోయినవి, జబ్బుపడ్డవి, దెబ్బ తగిలినవి మాత్రం లోపలికి. అవి కూడా నేరుగా గదిలోకి కాదు, ముందు రెండు వారాలు కుక్కలు లేని వాలంటీర్ల ఇళ్లలో, ఒక పెట్టె పిల్లలు ఒక ఇంట్లో.

అసలైన సాయం అడగాల్సిన కాలం జనవరి కానేకాదు. చందాలు, దుప్పట్లు, పాలపొడి అన్నీ సంక్రాంతికే వస్తాయి, జనానికి పిల్లలు కనబడేది అప్పుడే కాబట్టి. మాకు కావాల్సింది జులై నుంచి సెప్టెంబరు చివరిదాకా ఆపరేషన్లకు డబ్బు, మత్తు డాక్టరు సమయం, పట్టే మనుషులు. చిత్తకార్తెకు ముందు వీధిలో ఆడకుక్కలకు ఆపరేషన్ అయిపోతే డిసెంబరులో పెట్టెలు రావు. ఈ డిసెంబరులో పుట్టిన ఆడపిల్ల వచ్చే అక్టోబరుకి తానే ఎదకు రావచ్చు. మనం మేలుకోవడానికి మధ్యలో ఉన్న వ్యవధి అంతే.

—

పలాస నుంచి:

సెప్టెంబరు చివర అన్న గడువు మాకు ఇంకో కారణానికి కూడా పనికొస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన సంగతి అందరికీ తెలుసు, గొలుసులతో కట్టేసి ఉన్న కుక్కల సంగతి ఎవరూ రాయలేదు. తుపాను నెల, చిత్తకార్తె ఒకేసారి వస్తాయి మాకు. ఆ నెలలో షెల్టర్ ఖాళీగా ఉంటేనే దెబ్బతిన్నవాటికి చోటుంటుంది. హెచ్చరిక రాగానే గొలుసులు విప్పేయమని ప్రతి ఇంటికీ చెప్పాలి. దండోరాలో ఆ ఒక్క మాట కలపమని మా పంచాయతీని అడుగుతూనే ఉన్నాను.

—

దాసన్నపేట గృహిణి:

మీరంతా చదువుకున్నవాళ్లు, రోగం సంగతి నాకు ఇప్పుడు అర్థమైంది. ఆ కుటుంబం బెల్టు పట్టుకొని వచ్చిన మాట చదివి బాధేసింది. అయినా నా మాట పూర్తిగా మారలేదు. మీ జాబితాలో ఒకటి లేదు. తల్లి ఉంది, పిల్లలూ బాగానే ఉన్నాయి, కానీ ఈనింది లారీలు తిరిగే రోడ్డు అంచున. మా రైసుమిల్లు గోడ పక్కన ఇప్పుడు అలాగే ఉంది ఒకటి. ధాన్యం లారీలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. దాన్ని అక్కడే ఉంచమంటారా?

—

గరివిడి విద్యార్థి:

వద్దమ్మా. అలాంటి చోట తల్లినీ పిల్లల్నీ ఒకేసారి కదపాలి, అదీ దగ్గర్లోకే. దూరం తీసుకెళ్తే తల్లి పాత చోటు వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది. పిల్లలు దానికి కనబడేలా బుట్టలో పెట్టి ముందు నడిస్తే అది వెనకే వస్తుంది. మిల్లు వెనక గోడ లోపల కాస్త నీడ ఉన్న మూల దొరుకుతుందా? పిల్లలు కళ్లు తెరిచాయా?

—

దాసన్నపేట గృహిణి:

ఇంకా తెరవలేదు. మిల్లు గుమస్తాని అడిగాను, వెనక పాత సంచుల కొట్టు ఉంది, వాడుకోమన్నాడు. తల్లి నన్ను రానిస్తుంది, రోజూ గంజి పోస్తున్నాను కదా. కానీ బుట్ట పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి, లారీల్ని ఆపడానికి ఒకరు. బేగి రండి.

—

షెల్టర్ వాలంటీరు, విజయనగరం:

రేపు పొద్దున్నే లారీలు మొదలవకముందు ఇద్దరం వస్తాం అమ్మా. రోడ్డు అంచున ఈనినవాటి సంగతి కమిటీ ముందు పెట్టే కాగితంలో ఇప్పుడే చేర్చాను. సెప్టెంబరులో ఆ తల్లికి ఆపరేషన్ చేయించే బాధ్యత మాది. అప్పటిదాకా అది మీ వీధి దాటిపోకుండా ఆ గంజి మానకండి.