ఐవీఎఫ్‌లో మిగిలిన పిండాలను ఏం చేయాలి? ఐదో రోజు పిండానికి ప్రాణం ఉన్నట్టా, లేనట్టా?

పెన్నేటిగడ్డ (అనంతపురం):
పెళ్లయిన తొమ్మిదేళ్లకు మాకు ఐవీఎఫ్ (అండాన్ని, శుక్రకణాన్ని ల్యాబులో కలిపే పద్ధతి) ద్వారా పాప పుట్టింది. అప్పుడు నాలుగు పిండాలు తయారయ్యాయి. ఒకటి ఎక్కించి, మిగిలిన మూడింటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరిచారు. ఏటా నిల్వ రుసుము కడుతున్నాం. ఈసారి రశీదుతో పాటు ఒక ఫారం కూడా వచ్చింది: నిల్వ కొనసాగించాలా, పోనివ్వాలా, పరిశోధనకు ఇవ్వాలా అని మూడు గడులు. మాకు మరో బిడ్డ వద్దు కాబట్టి పరిశోధనకు ఇవ్వడమే మేలని నేను, నా భార్య అనుకున్నాం. మా అత్తగారు మాత్రం "విత్తనానికి తీసిపెట్టిన కాయలను ఎవరైనా గానుగకు ఎత్తుతారా నాయనా?" అని ఒకే మాట అడిగారు. శనగకాయ పండించే ఇంట్లో పుట్టినవాడిని, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తెలిసినవారు చెప్పగలరు.

హంద్రీతీరం (కర్నూలు):
నేను పిండాలను పెంచే ల్యాబులో పనిచేస్తాను కాబట్టి కంటితో చూసినదే రాస్తాను. అండం, శుక్రకణం కలిసిన క్షణమే ప్రాణం పోసుకున్న క్షణమని చాలామంది అంటారు గాని, ఆ క్షణం ఏదో మైక్రోస్కోపు ముందు కూర్చున్న నాకే చెప్పడం కష్టం. శుక్రకణం లోపలికి చేరిన 16 నుంచి 18 గంటలకు చూస్తే, తల్లి నుంచి వచ్చిన కేంద్రకం, తండ్రి నుంచి వచ్చిన కేంద్రకం రెండు నీటిబొట్లలా పక్కపక్కనే, ఇంకా విడివిడిగానే ఉంటాయి. వాటిలోని క్రోమోజోములు ఒక్కచోట చేరేది మొదటి విభజన వేళ, అంటే దాదాపు ఒక రోజు గడిచాక. ఆ తరువాత కూడా పిండం తల్లి అండంలో దాచిన సరుకుతోనే నడుస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశకు వస్తే గాని దాని సొంత జన్యువులు గట్టిగా పనిలోకి దిగవు. ఐదో రోజుకు అది వంద, రెండు వందల కణాల నీటిబుడగ. బుడగ పైపొర, ప్రసవంలో బిడ్డ వెనక వచ్చే మాయగా మారుతుంది, లోపల ఒక పక్కన అంటుకున్న చిన్న ముద్ద నుంచి బిడ్డ తయారవుతుంది.

సుమారు 15వ రోజున ఆ ముద్దలో ఒక గీత పడుతుంది, శరీరానికి తల ఎటు, తోక ఎటు అన్నది అక్కడ తేలుతుంది. అంతకుముందు ఒక పిండం రెండుగా విడిపోయి కవలలు కావచ్చు. బ్రిటన్‌లో ఇలాంటి చికిత్సలపై ప్రభుత్వం వేసిన వార్నాక్ కమిటీ 1984లో, ల్యాబులో పిండాన్ని 14 రోజులు దాటి పెంచరాదని చెప్పడానికి ఆధారం ఇదే. 1990లో అది అక్కడ చట్టమైంది. ఇద్దరు కాగల దాన్ని ఒక మనిషి అని ఎలా అనగలం? నా దృష్టిలో అది జీవమున్న కణాల గుంపే గాని వ్యక్తి కాదు.

దేవుని కడప (కడప):
హంద్రీతీరం గారి వివరాలను కాదనను, వాటి నుంచి తీసిన తీర్పును ఒప్పుకోను. మా వైపు తమలపాకు తీగను ముక్కలుగా కోసి నాటితే ప్రతి ముక్కా ఒక తీగ అవుతుంది. అంతమాత్రాన కోయకముందు తీగకు ప్రాణం లేదంటామా? మన గర్భోపనిషత్తు ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం, అర్ధమాసానికి పిండం అని మెట్లు చెప్పింది. బుద్బుదమంటే బుడగే కదా. 14 రోజుల హద్దును మనవాళ్లు ఏనాడో గుర్తించారు.

పాతబోర్డు (ప్రొద్దుటూరు):
ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాడిగా ఒక మాట. ఉపనిషత్తులోని పోలిక అందంగా ఉంది, కానీ అదే వాక్యం నెలకు పిండం గట్టిపడుతుందనీ అంటుంది. కలిసిన చోట చప్పట్లు కొట్టి, కలవని చోట మౌనంగా ఉండడం శాస్త్రం కాదు. తమలపాకు వాదన మాత్రం బలమైనది, హంద్రీతీరం గారు దానికి జవాబు చెప్పాలి.

పెన్నేటిగడ్డ గారికి చట్టం సంగతి: 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం పిండాన్ని పదేళ్లకు మించి నిల్వ ఉంచరాదు, ఆ తరువాత పోనివ్వాలి, లేదా మీ సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. వేరే దంపతులకు ఎక్కించడానికి వీల్లేదు.

హంద్రీతీరం (కర్నూలు):
తీగకు ప్రాణం ఉందనే నేనూ అంటున్నాను. నా ఇంట్లో తీగను కోస్తాను, మనిషిని కోయను. తేడా ప్రాణం దగ్గర కాదు, అది ఎవరిది అనగలమా లేదా అన్నదాని దగ్గర. ఇంకొకటి, సహజంగా ఫలదీకరణం జరిగిన అండాలలో చాలా భాగం గర్భసంచికి అంటుకోకుండానే పోతాయి, తల్లికి ఆ సంగతి తెలియనే తెలియదు. వాటికి ఎవరూ మైల పట్టరు.

పెన్నేటిగడ్డ (అనంతపురం):
అందరికీ కృతజ్ఞతలు. మైల మాట మా అత్తగారికి చదివి వినిపించాను. ఆమె కాసేపు ఆలోచించి, "తెలియకుండా పోయేది వేరు, సంతకం పెట్టి పోనిచ్చేది వేరు" అన్నారు. నన్ను ఆపుతున్నది మరొకటి. ఎక్కించే రోజు తెర మీద మాకు పాపను చూపించారు: బూడిదరంగు బుడగ, ఒక పక్కన చిన్న మచ్చ. నాలుగింటిలో దాన్ని ల్యాబువారు ఎంచారు, మేం కాదు. ఈ ఏటికి నిల్వ గడిలోనే టిక్ పెట్టాం. నాలుగేళ్లు గడిచాయి, ఇంకా ఆరేళ్లున్నాయి.