సమస్య: దగ్గు కొమ్మయు నాగలి దాయలయ్యె

నిర్వాహకుడు: మనవరాలి ఇంగ్లీషు డిక్టేషన్‌లో కాఫ్ (దగ్గు), బౌ (కొమ్మ), ప్లౌ (నాగలి) ఒకే వరసలో కనబడ్డాయి. మూడింటికీ తోక ఒకటే, ఓ-యు-జి-హెచ్. నవ్వొచ్చి పాదం కట్టేశాను. కానివ్వండి.

తాటాకు:
చివర నాలుగక్కరములు చేరియుండఁ
బలుకు మాత్రము వేఱయ్యెఁ బలువిధముల,
నొకట నూదును ఫూయని, యొకట నౌను;
దగ్గు కొమ్మయు నాగలి దాయలయ్యె.

గురులఘువు: "నౌను"లో ఔ దాచడం భేష్, తాటాకు గారూ. కానీ "పలువిధముల" ఎక్కడ? కాఫ్‌ది ఒక దారి, బౌ, ప్లౌలది ఒకే దారి. లెక్కకు రెండు విధాలేనండీ.

తాటాకు: త్రూ, దో, థరో మీ ఇంట చదవరా మాస్టారూ?

గురులఘువు: సమస్యలో లేనివాళ్లను సాక్ష్యానికి పిలవకండి. ఇదిగో నాది, అదే తోకతో మూలపడ్డ చఫ్, క్లఫ్, సఫ్ అనే మాటలతో:
పాత మాటలు వెదకఁగఁ బల్లెలందు
లోకమునఁ జఫ్ఫు కాకియు, లోయ క్లఫ్ఫు,
గాలి నిట్టూర్పు సఫ్ఫయ్యె, గాన నిట్లు
దగ్గు కొమ్మయు నాగలి దాయలయ్యె.

వేపచెట్టు: కార్న్‌వాల్ రాజముద్ర మీది ఎర్రముక్కు కాకిని పద్యంలో వాల్చినందుకు చప్పట్లు! లాంకషైర్, యార్క్‌షైర్ కొండల్లో ఇరుకు లోయను ఇప్పటికీ క్లఫ్ అంటారు, కాబట్టి "పల్లెలందు" కూడా అతికింది.

తాటాకు: పల్లెల్లో వెదికాక మళ్లీ "లోకమున" ఎందుకు? యతికి "లో" కావాలి, లోకం దొరికింది! పైగా క్ల ముందున్న "య" గురువై హగణం (గురువు, లఘువు) చెడలేదా? పోయిన నెల నా "శబ్దప్రవాహము" మీద అరపేజీ పాఠం చెప్పారు.

నిర్వాహకుడు: చెడలేదు. లోయ, క్లఫ్ఫు విడి మాటలు, "య" లఘువే. మీది సంస్కృత సమాసం, అక్కడ గురువు తప్పదు. "లోకమున" మాత్రం ఊతపదమే.

వేపచెట్టు: గాలి నిట్టూర్పు మాటకు సఫ్‌తో పాటు సౌ అనే పలుకుబడీ ఉంది. డెర్బీషైర్ సీసపు గనుల్లోంచి నీళ్లు పోయే సొరంగాన్ని సఫ్ అనే అంటారు. "గనుల కాలువ సఫ్ఫయ్యె" అంటే పేచీ ఉండదు, యతీ నిలుస్తుంది.

గురులఘువు: నిట్టూర్పు తీసేసి మురుక్కాలువ పెట్టమంటారా!

తాటాకు: దాయాదులు ఎందుకు విడిపోయారో ఎవరూ చెప్పరేం? ఆ జి-హెచ్ ఒకప్పుడు గొంతు గీరుకుంటూ వచ్చే ఖకారం. జర్మన్ల రాత్రి మాట నాఖ్ట్‌లో, ఐర్లండు వాళ్ల చెరువు మాట లాఖ్‌లో ఇంకా వినబడుతుంది. ఇంగ్లీషులో కొన్ని మాటల్లో రాలిపోయింది, కొన్నిట్లో ఫ అయింది. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా గడ్డకట్టింది, నోరు మాత్రం ఆగలేదు.

వేపచెట్టు: మరి ఎక్కిళ్లు? హికప్‌కు దగ్గుతో చుట్టరికం ఉందనుకుని చివర కాఫ్ తగిలించి రాశారు. చదివేది హికప్ అనే. దొంగ దాయాది!

గురులఘువు: దొంగ చుట్టరికం అంటే గుర్తొచ్చింది. తాటాకు గారి ఉగాది పూరణలో మామిడికీ మమ్మీకీ కలిపిన సంబంధం ఇంకా తేలలేదు.

తాటాకు: అది శ్లేష మాస్టారూ.

నిర్వాహకుడు: ఆ తగువు అక్కడే తేల్చుకోండి. ఎక్కిళ్ల మీద ఎవరు పద్యం వేస్తున్నారు?